ఇంట్లో కట్టుకున్న విమానం కూలితే బతికి బయటపడగలమా? జాన్ డెన్వర్ ప్రాణం తీసిన ఆ వాల్వ్ వెనక అసలు కథ

1997 అక్టోబర్ 12, ఆదివారం సాయంత్రం. అమెరికాలోని కాలిఫోర్నియా తీరం, మాంటెరే ఎయిర్‌పోర్ట్. ‘టేక్ మీ హోమ్, కంట్రీ రోడ్స్’ పాటతో ప్రపంచమంతా తెలిసిన సింగర్ జాన్ డెన్వర్ ఓ చిన్న విమానం ఎక్కడానికి రెడీ అవుతున్నారు. విమానం పేరు లాంగ్ ఈజీ. కంపెనీలో తయారైంది కాదు. ప్రముఖ డిజైనర్ బర్ట్ రుటాన్ గీసిన ప్లాన్లు కొనుక్కుని, టెక్సాస్‌లో ఓ వ్యక్తి సొంతంగా కట్టుకున్న విమానం. చేతులు మారి చివరికి డెన్వర్ దగ్గరికి వచ్చింది. అది ఆయన చేతికొచ్చి అప్పటికి ఒక్క రోజే.

డెన్వర్ కొత్త పైలట్ ఏం కాదు. 2,700 గంటలకు పైగా విమానాలు నడిపిన అనుభవం ఉంది. కానీ ఈ విమానంతో పరిచయం మాత్రం ముందురోజు అరగంట సేపు చూపించిన చెకౌట్ అంతే.

బయల్దేరే ముందు అక్కడి టెక్నీషియన్‌తో ఓ చిన్న సమస్య గురించి మాట్లాడారు. ఇంధనం ఏ ట్యాంక్ నుంచి ఇంజిన్‌కి వెళ్లాలో మార్చే వాల్వ్ హ్యాండిల్ చేతికి అందడం లేదు. అది ఆయన ఎడమ భుజం వెనక ఉంది. పట్టుకారు బిగించి హ్యాండిల్ పొడుగు పెంచాలని ఇద్దరూ ట్రై చేశారు, కుదర్లేదు. గాల్లో మార్చాల్సి వస్తే ఆటోపైలట్ మీద పెట్టి వెనక్కి తిరుగుతానని డెన్వర్ అన్నారు. వెనకున్న ఫ్యూయల్ గేజ్ చూసుకోడానికి టెక్నీషియన్ ఓ చిన్న అద్దం ఇచ్చాడు. ఇంధనం నింపాలా అని అడిగితే వద్దన్నారు. గంటసేపే కదా అనుకున్నారు.

సాయంత్రం 5 గంటల 28 నిమిషాల ప్రాంతంలో, పసిఫిక్ గ్రోవ్ దగ్గర తీరానికి కాస్త దూరంలో ఆ విమానం ముక్కు కిందకి పెట్టి సముద్రంలోకి దూసుకెళ్లింది. కిందనుంచి చూసినవాళ్లలో కొందరు ఓ చిన్న చప్పుడు విన్నామని, ఆ వెంటనే ఇంజిన్ శబ్దం తగ్గిపోయిందని చెప్పారు. డెన్వర్ వయసు అప్పటికి 53.

ఇంతకీ ఆ వాల్వ్ అక్కడికి ఎందుకెళ్లింది?

ఇక్కడే అసలు విషయం ఉంది. రుటాన్ ప్లాన్ ప్రకారం ఆ హ్యాండిల్ ఉండాల్సింది పైలట్ రెండు కాళ్ల మధ్య, ముందు వైపు. తల తిప్పకుండా చేత్తో తిప్పేయొచ్చు. కానీ కట్టిన వ్యక్తికి కాక్‌పిట్‌లో ఇంధనం పైపులు ఉండటం ఇష్టం లేదు. పైలట్ కూర్చునే చోట పెట్రోల్ ఎందుకు అనుకుని వాల్వ్‌ని వెనక గోడ మీదకు మార్చేశాడు. అంటే మంటల భయంతో చేసిన మార్పు అది.

ఆ ఆలోచన తప్పని కూడా అనలేం. మంట గురించి ఆలోచించే ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ దాని ఖరీదు వేరే చోట కట్టాల్సి వచ్చింది.

మనవాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే, పాత బైకుల్లో పెట్రోల్ అయిపోయి ఇంజిన్ జర్క్ ఇస్తే ఏం చేసేవాళ్లం? చూపు రోడ్డు మీదే ఉంచి, ఎడమ చేయి కిందకి పెట్టి నాబ్‌ని రిజర్వ్‌లోకి తిప్పేవాళ్లం. అదే నాబ్ వెనక నంబర్ ప్లేట్ దగ్గర ఉంటే? పైగా దాని మీద ఏది ఆన్, ఏది ఆఫ్, ఏది రిజర్వ్ అని రాసే లేకపోతే?

అమెరికాలో ప్రమాదాలను దర్యాప్తు చేసే నేషనల్ ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డ్, అంటే ఎన్‌టీఎస్‌బీ, అలాంటి విమానంలోనే మనిషిని కూర్చోబెట్టి చూసింది. ఆ హ్యాండిల్ తిప్పాలంటే ముందు కంట్రోల్ స్టిక్ మీద నుంచి కుడి చేయి తీయాలి. భుజాల మీది బెల్టు వదులు చేయాలి. నడుము పైభాగమంతా ఎడమ వైపు 90 డిగ్రీలు తిప్పాలి. అలా తిరిగేటప్పుడు ఊతం కోసం కుడి కాలు తన్నిపెడతాం, అది ఎవరికైనా సహజం. కానీ ఆ కాలి కింద ఉన్నది కుడి రడ్డర్ పెడల్. అది నొక్కితే విమానం పక్కకు తిరిగి పడుతుంది. డెన్వర్ అప్పుడు ఎగురుతున్నది నేలకు కొన్ని వందల అడుగుల ఎత్తులోనే. సర్దుకునే టైమ్ లేదు.

పైలట్ దృష్టి మళ్లడం, తెలియకుండా రడ్డర్ నొక్కడం ప్రధాన కారణమని రిపోర్ట్ తేల్చింది. గుర్తులు లేని వాల్వ్, గుర్తులు లేని ఫ్యూయల్ గేజ్, అందని చోట దాన్ని పెట్టిన నిర్ణయం, కొత్త విమానంపై సరైన ట్రైనింగ్ లేకపోవడం, ఇంధనం నింపకపోవడం కూడా కారణాల లిస్టులో ఉన్నాయి.

హోమ్‌బిల్ట్ విమానం అంటే ఏంటి?

కేరళకు చెందిన ఓ ఇంజినీర్ లాక్‌డౌన్ టైమ్‌లో ఇంగ్లండ్‌లో నాలుగు సీట్ల విమానం కట్టుకుని, ఫ్యామిలీతో యూరప్ చుట్టొచ్చిన వీడియోలు 2022లో మన ఫోన్లలో తెగ తిరిగాయి. అంతకుముందు ముంబైలో జెట్ ఎయిర్‌వేస్ పైలట్ అమోల్ యాదవ్ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఆరు సీట్ల విమానం కట్టి, 2016 మేకిన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు. 2017లో దానికి రిజిస్ట్రేషన్ వచ్చింది. మన దేశంలో ఇవి వార్తలయ్యేంత అరుదు. అమెరికాలో మాత్రం ఇది ఓ పెద్ద హాబీ. ఏటా జులైలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓష్‌కోష్‌లో జరిగే ఎయిర్ షోకి వేల సంఖ్యలో విమానాలు వస్తాయి. సొంతంగా కట్టుకున్నవీ వాటిలో భారీగానే ఉంటాయి. వాన్స్ అనే ఒక్క కంపెనీ కిట్లతోనే 11 వేలకు పైగా విమానాలు పూర్తయ్యాయి.

రూల్ సింపుల్. విమానం పనిలో సగానికి పైగా హాబీ కోసం, నేర్చుకోవడం కోసం మనిషి సొంతంగా చేసి ఉండాలి. దీన్నే 51 శాతం రూల్ అంటారు. అప్పుడు దానికి ఎక్స్‌పరిమెంటల్ కేటగిరీలో సర్టిఫికెట్ వస్తుంది. అమ్మకానికి వచ్చే సెస్నా, పైపర్ లాంటి విమానాలు పాటించాల్సిన సీటు టెస్టులు, ఫైర్ టెస్టులు, ట్యాంక్ టెస్టులు దీనికి తప్పనిసరి కాదు. అందుకే లోపల ప్యాసింజర్‌కి కనపడేలా ఒక హెచ్చరిక బోర్డు పెట్టాలి. ఇది సొంతంగా కట్టిన విమానం, మామూలు విమానాలకు ఉండే ప్రభుత్వ సేఫ్టీ రూల్స్‌కి ఇది లోబడి లేదు అని దాని సారాంశం.

దీనర్థం ఇవన్నీ డొక్కు విమానాలని కాదు. చాలావాటి పనితనం ఫ్యాక్టరీ విమానాలను మించి ఉంటుంది. కాకపోతే ఫ్యాక్టరీలో ఓ వాల్వ్‌ని అర అడుగు జరపాలంటే ఇంజినీర్లు, టెస్ట్ పైలట్లు, అధికారులు చూడాలి. ఇక్కడ గ్యారేజీలో ఒక్క మనిషి ఆదివారం మధ్యాహ్నం డిసైడ్ అయిపోతాడు.

లెక్కలు ఏం చెబుతున్నాయి?

2012లో ఎన్‌టీఎస్‌బీ ఈ విమానాల మీద ప్రత్యేకంగా ఓ స్టడీ చేసింది. అమెరికా చిన్న విమానాల్లో వీటి వాటా సుమారు 10 శాతం. కానీ 2011లో మొత్తం చిన్న విమాన ప్రమాదాల్లో 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం వీటివే. ఆ ఒక్క ఏడాదే 224 ప్రమాదాలు జరిగాయి, 67 మంది చనిపోయారు.

ఎక్కువగా జరిగేవి రెండు రకాలు. ఒకటి ఇంజిన్ పవర్ పోవడం, రెండోది గాల్లో కంట్రోల్ తప్పడం. డెన్వర్ కేసులో ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఇంజిన్ పవర్ పోయిందంటే చాలాసార్లు ఇంజిన్ తప్పు కాదు. ట్యాంక్ నుంచి ఇంజిన్ దాకా ఉన్న పైపులు, ఫిల్టర్లు, పంపులు, వాల్వ్‌లలో ఎక్కడో తేడా ఉంటుంది. విమానం కూలాక మంట రేపేది కూడా అవే పైపులు, అదే ట్యాంక్. అందుకే కూలడం, కాలడం అని రెండు టాపిక్స్‌గా విడదీసి చూస్తే సగమే అర్థమవుతుంది.

మంట ఎందుకంత త్వరగా అంటుకుంటుంది?

తెలుగు ప్రేక్షకులు మర్చిపోలేని రోజు ఒకటుంది. 2004 ఏప్రిల్ 17. కరీంనగర్ ఎన్నికల ప్రచారానికి బయల్దేరిన హీరోయిన్ సౌందర్య ప్రయాణిస్తున్న సెస్నా 180 విమానం బెంగళూరు జక్కూర్ నుంచి లేచిన కాసేపటికే కూలిపోయింది. వెంటనే మంటలు చుట్టుముట్టాయి. సౌందర్య, ఆమె అన్న అమర్‌నాథ్ సహా నలుగురూ చనిపోయారు. అది ఫ్యాక్టరీ విమానమే, హోమ్‌బిల్ట్ కాదు. కానీ టేకాఫ్ టైమ్‌లో ట్యాంకుల నిండా ఇంధనం ఉన్న చిన్న విమానం కూలితే మంట ఎంత వేగంగా వస్తుందో ఆ రోజు అందరూ చూశారు.

కెనడా రవాణా భద్రతా బోర్డు 1976 నుంచి 2002 దాకా తమ దేశంలో జరిగిన చిన్న విమాన ప్రమాదాలన్నీ తవ్వి చూసింది. కూలాక మంటలొచ్చిన కేసులు 521. శాతంలో చూస్తే చాలా తక్కువ, మొత్తం ప్రమాదాల్లో 4 శాతం. అయితే గాయాల వల్ల కాకుండా మంట, పొగ వల్లే పూర్తిగానో కొంతవరకో ప్రాణాలు పోయినవాళ్లు 205 మంది ఉన్నారు. అంటే దెబ్బ తట్టుకుని బతికినా, బయటికి రాలేకపోయినవాళ్లు వాళ్లలో ఉన్నారు.

గ్యాస్ లీకైన వంటింట్లో స్విచ్ వేయొద్దని మనకు చిన్నప్పటి నుంచి చెబుతారు. ఇక్కడా అంతే. పెట్రోల్ ఆవిరి అంటుకోడానికి వేడి వాతావరణం అక్కర్లేదు, మంచు కురిసే చలిలో కూడా అంటుకుంటుంది. కూలిన విమానంలో వందల డిగ్రీల వేడి మీదున్న ఎగ్జాస్ట్ పైపు ఉంటుంది. తెగిన బ్యాటరీ వైరు స్పార్క్ ఇస్తుంటుంది. కావాల్సింది పెట్రోల్ ఒక్కటే. అది ఎక్కడుంది అన్నదే ప్రశ్న.

ట్యాంక్ ఎక్కడ పెట్టారు?

కొన్ని డిజైన్లలో ట్యాంక్ రెక్కల్లో ఉంటుంది. వాన్స్ ఆర్‌వీ మోడల్స్‌లో ఎక్కువ శాతం ఇలాగే, రెక్క ముందు అంచు లోపల అల్యూమినియం ట్యాంక్. మనుషులకు దూరంగా ఉంటుంది, అది ప్లస్. చెట్టుకో స్తంభానికో ముందుగా తగిలేది కూడా ఆ అంచే, అది మైనస్. లాంగ్ ఈజీలో ట్యాంకులు క్యాబిన్‌కి రెండు పక్కలా అతుక్కుని ఉంటాయి. ఇంకొన్ని చిన్న విమానాల్లో డ్యాష్‌బోర్డ్ వెనక, అంటే పైలట్ మోకాళ్ల మీదుగా ట్యాంక్ ఉంటుంది. ఇంధనం దానంతటదే కిందకి జారుతుంది, పంపు లేకపోయినా ఇంజిన్ నడుస్తుంది. కూలినప్పుడు మాత్రం అది ఒళ్లో పెట్టుకున్న పెట్రోల్ డబ్బా.

అన్నిటికీ మంచి చోటు అంటూ ఒకటి లేదు. అందుకే ట్యాంక్ ఎక్కడ అన్నదాని కంటే, దెబ్బ తగిలినప్పుడు అది పగులుతుందా, సాగుతుందా అన్నది పెద్ద ప్రశ్న. అతుకులు వేసిన పల్చటి అల్యూమినియం అతుకు దగ్గర చీలుతుంది. ఫైబర్‌గ్లాస్ పెళుసుగా పగులుతుంది. మన ఇళ్ల మీద నల్ల వాటర్ ట్యాంకులు తయారుచేసే పద్ధతిలోనే పోసిన ప్లాస్టిక్ ట్యాంకులు సొట్ట పడినా తొందరగా చీలవు. వీటన్నిటికన్నా బెటర్ రబ్బరు సంచిలాంటి బ్లాడర్ ట్యాంక్. 1964లో ఇండియానాపొలిస్ 500 కార్ రేసులో పెట్రోల్ మంటల్లో ఇద్దరు డ్రైవర్లు చనిపోయాక రేసు కార్లలోకి వచ్చినవి ఇలాంటివే. వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్లు కూలి సైనికులు కాలిపోతుంటే అమెరికా సైన్యం కూడా ఇదే దారి పట్టింది.

ఇది పని చేస్తుందా అని డౌట్ ఉన్నవాళ్లు ఆస్ట్రేలియా వైపు చూడొచ్చు. అక్కడ 2011, 2012, 2013లో వరసగా రాబిన్సన్ ఆర్44 అనే చిన్న హెలికాప్టర్లు కూలి కాలిపోయాయి. అవి గట్టి అల్యూమినియం ట్యాంకులున్న పాత మోడల్స్. చివరికి 2013 ఏప్రిల్ 30 లోగా బ్లాడర్ ట్యాంకులు పెట్టించుకోని ఆర్44లు ఎగరకూడదని అక్కడి విమానయాన సంస్థ ఆర్డర్ వేసింది. హోమ్‌బిల్ట్ ఓనర్‌కి అలాంటి ఆర్డర్ ఎవరూ ఇవ్వరు. బ్లాడర్ బరువు, ఖర్చు, తగ్గే ఇంధనం చూసి చాలామంది వద్దనుకుంటారు.

పైపుల దగ్గర మాత్రం తక్కువ ఖర్చుతో చాలా చేయొచ్చు. రెక్క విరిగినప్పుడు పైపు సాగేలా కాస్త వదులు ఉంచడం, పదునైన అంచుల మీదుగా పోనివ్వకపోవడం, ఇంజిన్ దగ్గర గొట్టాలకు ఫైర్ స్లీవ్ తొడగడం లాంటివి. ట్యాంక్ వెంట్ పైపు పెట్టే తీరులో కూడా తేడా ఉంది. సరిగ్గా పెట్టకపోతే విమానం బోర్లాపడగానే అందులోంచే ధారగా కారుతుంది.

ఇక్కడ ఈ20 పెట్రోల్ గురించి కూడా ఓ మాట. మన బంకుల్లో ఇప్పుడు ఇథనాల్ కలిపిన పెట్రోలే వస్తోంది. ఈ చిన్న విమానాల్లో బాగా వాడే రోటాక్స్ 912 ఇంజిన్‌కి కంపెనీ ఒప్పుకునేది 10 శాతం ఇథనాల్ వరకే. ఇంజిన్ ఒప్పుకున్నా ట్యాంక్ ఒప్పుకోవాలని లేదు. కొన్ని రకాల రెజిన్లు, సీలెంట్లు, రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కి మెత్తబడతాయి. పాత విమానాల్లో ట్యాంక్ లోపల పూసిన సీలెంట్ పొరలుగా ఊడొచ్చి ఫిల్టర్‌కి అడ్డుపడ్డ కేసులు ఉన్నాయి.

గోడ గట్టిదే, కన్నాలే సమస్య

ఇంజిన్‌కి, పైలట్‌కి మధ్య ఫైర్‌వాల్ అనే పల్చటి గోడ ఉంటుంది. ఫ్యాక్టరీ విమానాల లెక్క ప్రకారం అది సుమారు 1,100 డిగ్రీల సెల్సియస్ మంటని 15 నిమిషాలు ఆపాలి. 0.38 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు ఆ పని చేస్తుంది. హోమ్‌బిల్ట్‌లో కూడా చాలామంది అదే రేకు వాడతారు.

కానీ ఆ రేకుకి పడే కన్నాల సంగతి? థ్రాటిల్ కేబుల్‌కి ఒకటి, వైర్లకు ఒకటి, పెట్రోల్ పైపుకి ఒకటి, హీటర్ గొట్టానికి పెద్దది ఒకటి. ఆ కన్నాల్లో ప్లాస్టిక్ వాచర్ పెడితే కొన్ని సెకన్లలో కరిగిపోతుంది. అల్యూమినియం పెడితే అది 660 డిగ్రీలకే కరుగుతుంది. రేకు నిలబడుతుంది, కన్నాల్లోంచి మంట పైలట్ కాళ్ల మీదకు వస్తుంది. స్టీల్ ఫిట్టింగులు, ఫైర్ సీలెంట్ వాడితే సరిపోయే ఈ పనిని చివర్లో, ఎప్పుడెప్పుడు ఎగురుదామా అన్న తొందరలో చేస్తారు. అసలు ప్రాబ్లమ్ అదే.

లోపల సీటు ఫోమ్, కార్పెట్ సంగతి కూడా తక్కువేం కాదు. కంపోజిట్ విమానాల్లో వాడే యూరిథేన్ ఫోమ్ కాలితే విషవాయువులు వస్తాయి. మంట తాకకముందే పొగ మనిషిని పడగొడుతుంది. దీపావళికి నైలాన్ బట్టలు వేసుకోవద్దు, కాటన్ వేసుకోండి అని అమ్మలు చెప్పే మాట పైలట్లకూ వర్తిస్తుంది. సింథటిక్ బట్ట కరిగి చర్మానికి అంటుకుంటుంది.

దెబ్బ తట్టుకోవడం ఎలా?

ఇందులో అన్నిటికంటే పెద్ద మ్యాటర్ స్పీడ్. నేలను తాకేటప్పుడు గంటకు 80 కిలోమీటర్లకు బదులు 110 ఉంటే స్పీడ్ మూడో వంతే పెరిగినట్టు అనిపిస్తుంది. దెబ్బలో ఉండే శక్తి మాత్రం దాదాపు రెట్టింపు అవుతుంది. అందుకే నెమ్మదిగా దిగగలిగే విమానం ఇంజిన్ ఆగినప్పుడు ఎక్కువ మందిని బతికిస్తుంది. కానీ అమ్మకాల్లో, కబుర్లలో అందరూ చెప్పుకునేది టాప్ స్పీడ్ గురించే!

80 కిలోమీటర్ల స్పీడ్‌తో నేలకు తగిలిన విమానం సుమారు 2.8 మీటర్ల దూరంలో సమానంగా జారుతూ ఆగితే, లోపలి మనిషి మీద పడే ఒత్తిడి సుమారు 9 జీ. 70 కిలోల మనిషి ఆ క్షణం 630 కిలోల బరువున్నట్టు. భుజాల మీదుగా బెల్టులు ఉంటే తట్టుకుంటాడు. అదే స్పీడ్‌తో గోడకు గుద్ది ఒక అడుగులో ఆగితే 80 జీ దాటుతుంది, తట్టుకోవడం దాదాపు అసాధ్యం. అందుకే ఇంజిన్ ఆగిపోతే వెనక్కి తిరిగి రన్‌వే అందుకోవాలని చూడకుండా, ఎదురుగా ఉన్న పొలంలోకి రెక్కలు సమానంగా ఉంచి, కంట్రోల్‌లో ఉంచుకుంటూ దింపమని ఇన్‌స్ట్రక్టర్లు నూరిపోస్తారు. పంట, పొదలు, కంచె విమానాన్ని పాడు చేస్తాయి. ఆ పాడయ్యే క్రమంలోనే స్పీడ్‌ని తినేస్తాయి.

బెల్టుల దగ్గర హోమ్‌బిల్డర్లు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. భుజాల బెల్టు వెనక బిగించే చోటు భుజం కంటే బాగా కిందకి ఉంటే, దెబ్బ తగిలినప్పుడు బెల్టు మనిషిని వెనక్కి కాదు, కిందకి లాగుతుంది. వెన్నెముక నలిగిపోతుంది. సీటు కింద మెత్తటి దిండు ఫోమ్ వేయడం ఇంకోటి. కూర్చోడానికి హాయిగా ఉంటుంది కానీ దెబ్బకి ఒక్కసారిగా అణిగి, తర్వాత గట్టి నేలకు కొట్టినట్టు అవుతుంది. నెమ్మదిగా అణిగే ప్రత్యేక ఫోమ్ దొరుకుతుంది, ధర కూడా మరీ ఎక్కువేం కాదు. 1988 తర్వాత డిజైన్ చేసిన ఫ్యాక్టరీ విమానాల సీట్లు ముందుకు 26 జీ, కిందకి 19 జీ టెస్టులు దాటాలి. హోమ్‌బిల్ట్ సీట్లకు అలాంటి టెస్ట్ ఏదీ తప్పనిసరి కాదు.

బోర్లాపడితే తలుపు తెరుచుకుంటుందా?

మెత్తటి నేలలో ముందు చక్రం దిగబడితే విమానం పిల్లిమొగ్గ వేస్తుంది. పెద్ద గాయాలు కావు. మనిషి బెల్టుకి తలకిందులుగా వేలాడుతుంటాడు. పైన అద్దాల కానపీ ఇప్పుడు నేలకు ఆనుకుని ఉంటుంది, పైకి తెరుచుకునేది కాబట్టి తెరుచుకోదు. రెక్కల్లోంచి పెట్రోల్ చుక్కలు చుక్కలుగా కారుతుంటుంది. ఈ సీన్ ఊహించుకుంటేనే భయంగా ఉంటుంది.

ఇలాంటప్పుడు పనికొచ్చేది కానపీ పగలగొట్టే చిన్న సుత్తి లాంటి పనిముట్టు. కానీ అది వెనక లగేజీలో ఉంటే లాభం లేదు. బెల్టుతో వేలాడుతున్నా చేతికి అందే చోట, కదలకుండా బిగించి ఉండాలి. అనుభవం ఉన్న పైలట్లు ఇంజిన్ ఆగి దిగేటప్పుడే ఫ్యూయల్ వాల్వ్ ఆఫ్ చేస్తారు, చివర్లో మాస్టర్ స్విచ్ కట్టేస్తారు, డిజైన్ ఒప్పుకుంటే కానపీ గొళ్లెం ముందే తీసేస్తారు. వాల్వ్ ఆఫ్ చేయడానికి మళ్లీ అదే హ్యాండిల్ చేతికి అందాలి. డెన్వర్ విమానం కూలింది నీళ్లలో. ఒకవేళ నేల మీదైనా, మంట రాకుండా ఇంధనం ఆపాల్సిన ఆ వాల్వ్ ఆయన భుజం వెనకే ఉండేది.

విమానం మొత్తాన్ని కిందకి దించే రాకెట్ పారాచూట్లు 1980ల నుంచి ఉన్నాయి, చాలా కిట్లకు పెట్టుకోవచ్చు. ఇవి చాలా ప్రాణాలు కాపాడాయి. కాకపోతే అంత కింద, చివరి వందల అడుగుల్లో ఇవి తెరుచుకునేంత టైమ్ అన్నిసార్లూ ఉండదు. కూలాక పేలని రాకెట్ లోపలే ఉండిపోతే సాయానికి పరిగెత్తుకొచ్చిన వాళ్లకు కూడా ప్రమాదమే.

సెకండ్ హ్యాండ్‌లో అసలు రిస్క్

కట్టినవాడికి తన విమానంలో ప్రతి పైపు ఎటు వెళ్తుందో తెలుసు. కొన్నవాడికి తెలీదు. 2011 ప్రమాదాల్లో సగానికి పైగా సెకండ్ హ్యాండ్‌లో కొన్న విమానాలవేనని ఎన్‌టీఎస్‌బీ స్టడీలో తేలింది. కొత్త ఓనర్ మొదటిసారి ఎక్కిన రోజే కూలిన కేసులు కూడా వాటిలో ఉన్నాయి. కారు కొంటే ఇండికేటర్ ఎటు, వైపర్ ఎటు అని రెండు రోజుల్లో అలవాటవుతుంది. విమానంలో ఆ రెండు రోజులు దొరకవు.

అందుకే ఆ స్టడీ తర్వాత బోర్డు అడిగిన వాటిలో ముఖ్యమైనది ఫ్యూయల్ సిస్టమ్ టెస్ట్. విమానాన్ని టేకాఫ్‌లో ఉన్నట్టు ముక్కు పైకెత్తి నిలబెట్టాలి. ఇంజిన్ దగ్గర పైపు ఊడదీసి బకెట్‌లోకి వదలాలి. స్టాప్‌వాచ్ పెట్టి నిమిషానికి ఎన్ని లీటర్లు పడుతోందో కొలవాలి. పంపుతో నడిచే సిస్టమ్ అయితే ఫుల్ పవర్‌లో ఇంజిన్ తాగే దానికంటే 25 శాతం ఎక్కువ రావాలి. దానంతటదే జారే సిస్టమ్ అయితే 50 శాతం ఎక్కువ. ఒక్కో ట్యాంక్‌కి విడివిడిగా, ట్యాంక్ అడుగంటే దాకా చేయాలి. చుట్టుపక్కల స్పార్క్ లేకుండా, విమానానికి ఎర్త్ వైరు తగిలించి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన పెట్టుకుని చేయాల్సిన పని ఇది. ఖర్చు ఓ మధ్యాహ్నం, ఓ బకెట్.

కొత్తగా కట్టిన విమానం మొదట్లో 25 గంటలో 40 గంటలో టెస్ట్ ఫ్లయింగ్ చేయాలి. ఆ టైమ్‌లో పైలట్ ఒక్కడే ఉండాలన్నది పాత రూల్. 2014లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఇందులో ఓ మార్పు తెచ్చింది. అర్హత ఉన్న రెండో పైలట్‌ని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు. ఇంజిన్ జర్క్ ఇస్తే ఒకరు విమానం చూసుకుంటారు, ఇంకొకరు వాల్వ్ తిప్పుతారు.